పదకొండో శనివారం బురిటో

నాకు వంకలు పెట్టడం వచ్చు. నలభై ఏళ్ళుగా ఇంట్లో, పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, ఎక్కడ విస్తరి ముందు కూర్చున్నా ఆ పని శ్రద్ధగా చేశాను. పప్పులో ఇంగువ ఎక్కువైందనీ, సాంబారులో చింతపండు నిరుటిదనీ, పక్కింటివాళ్ళు పంపిన పులిహోరకి నూనె కాగకముందే ఆవాలు వేశారనీ నోట్లో పెట్టుకోకుండానే చెప్పేవాణ్ణి. "మీ ఆయన భోజనానికి వస్తున్నారంటే నాకు ముందు రోజు నుంచే జ్వరం వదినా" అని మా చుట్టాలావిడ ఒకామె మా ఆవిడతో నా ఎదురుగానే అంది. ఆ రోజు ఆవిడ వడ్డించిన చారు మరీ మరిగిపోయింది. అదీ చెప్పాను.

నా బతుకు కూడా ఆ ముక్కు మీదే నడిచింది. నారాయణగూడలో మాది కాఫీ పొడి కొట్టు. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి పెట్టారు. గింజలు మేమే వేయిస్తాం. మా పనివాడు బుగ్గయ్య డ్రమ్ము తిప్పుతాడు, నేను పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంటాను. మొదట పచ్చిగడ్డి వాసన వస్తుంది. తరవాత వేరుశెనగలు వేగిన వాసన. ఆ తరవాత కాఫీ. ఆ కాఫీ వాసన మాడు వాసనలోకి తిరిగేముందు ఒక్క క్షణం ఉంటుంది. ఆ క్షణంలో "దించు" అంటాను, బుగ్గయ్య దించుతాడు. మా కొట్టులో పనంటే అదే. మిగిలిందంతా తూకం వేయడం, పొట్లం కట్టడం.

భాద్రపదంలో నాకొక జ్వరం వచ్చింది. ఐదు రోజులుండి, పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది.

నాలిక మిగిలింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం తెలిసేవి. అంతకుమించి ఏదీ లేదు. వంకాయకీ దొండకాయకీ తేడా పంటికి తెలిసేది కానీ నోటికి తెలిసేది కాదు. కాఫీ అంటే వేడి వేడి చేదు నీళ్ళు. బర్కత్‌పురలో ముక్కు డాక్టరు చూసి, "రావచ్చు, రాకపోవచ్చు. రోజూ పొద్దున్నే నిమ్మతొక్క, లవంగం, కర్పూరం, కాఫీ పొడి వాసన చూస్తూ ఉండండి" అన్నాడు. "మధ్యమధ్య లేని వాసనలు తగులుతాయి, కంగారుపడకండి" అని కూడా అన్నాడు.

లేని వాసనలు రెండుసార్లు తగిలాయి. మొదటిసారి ఇంట్లో పాలు మాడుతున్నాయని కేకలేశాను. మా ఆవిడ స్నానాల గదిలోంచి తడి తలతో పరుగెత్తుకొచ్చింది. పొయ్యి మీద అసలు గిన్నే లేదు. రెండోసారి కొట్లో. మాడిపోతోంది దించమని అరిచాను, బుగ్గయ్య దించాడు. గింజలు పచ్చిగా ఉన్నాయి. ఆ బస్తా అంతా పారబోశాం. ఆ రోజు నుంచీ "దించు" అనడం మానేశాను. బుగ్గయ్యే రంగు చూసి దించుకుంటున్నాడు. నేను కుర్చీలో అలాగే కూర్చుంటాను, గిరాకీలకు అనుమానం రాకుండా.

వంకలు ఆగిపోయాయి. మా ఆవిడ పేరు బాలత్రిపురసుందరి, నేను త్రిపురా అంటాను. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. "సరిపోయింది" అనేవాణ్ణి. మొదటి వారం ఆవిడకి హాయిగానే ఉండి ఉంటుంది. రెండో వారం కావాలని ఉప్పు లేకుండా కూర చేసింది, నేను అదీ తినేసి లేచాను. ఆ రాత్రి ఆవిడ వంటింట్లో చాలాసేపు ఉండిపోయింది.

తరవాత మొక్కుకుంది. నా ముక్కు తిరిగి రావాలని పదకొండు శనివారాలు అన్నం ముట్టదట. రెండుపూటలా ఫలహారమే. ఒక్క మెతుకు పంటి కింద పడినా మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఆ చివరి షరతు దేవుడు పెట్టింది కాదు, ఆవిడే పెట్టుకుంది. అది పూర్తయ్యాక ద్వారకా తిరుమల వెళ్ళి దర్శనం చేసుకోవాలి. ఇంతకీ ఆవిడ అన్నం లేకపోతే భోజనం చేసినట్టే కాదనుకునే మనిషి. నాలుగు ఇడ్లీలు తిని "ఇవాళ ఏమీ తినలేదు" అంటుంది.

నాకు మొక్కుల మీద అంత నమ్మకం లేదు. నేను వేరే ఏర్పాటు చేసుకున్నాను. ప్యాకెట్లలో కాఫీ పొడి అమ్మే ఒక కంపెనీ వాళ్ళు చాన్నాళ్ళుగా అడుగుతున్నారు. సరుకు వాళ్ళు ఇస్తారు, నేను కూర్చుని అమ్మితే చాలు. డ్రమ్ము తీసేయాలి. వాసన తెలియనివాడు కాఫీ వేయించడం జనాన్ని మోసం చేయడమేనని నాకు అనిపించింది. మాఘమాసంలో ఒక సోమవారం సంతకం పెట్టడానికి ఒప్పుకున్నాను. త్రిపురకి చెబితే వేళ్ళు లెక్కపెట్టుకుని, "దానికి రెండు రోజుల ముందే పదకొండో శనివారం. అదయ్యాక మీ ఇష్టం" అంది. బుగ్గయ్యకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ డ్రమ్ము తిప్పుతున్నాడు.

ఆ శుక్రవారం రాత్రి మా అమ్మాయి కూతురు తేజస్వి వచ్చింది. గచ్చిబౌలిలో ఉద్యోగం, శని ఆదివారాలు చిక్కడపల్లిలో మా దగ్గరే. ఆ పిల్లకి మెక్సికన్ తిండి పిచ్చి. ఈ ఊళ్ళో ఉన్న మెక్సికన్ హోటళ్ళన్నీ తిరిగింది. ఎక్కడ ఏం తెప్పించుకోవాలో ఫోన్లో రాసి పెట్టుకుంది. ఎక్కడ ఏది ముట్టుకోకూడదో కూడా రాసింది, అది నాకు నచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఒకచోట టాకోలు, అంటే మడిచిన మొక్కజొన్న అప్పడంలో కూర పెట్టినవి, బాగుంటాయట, కానీ పచ్చడి విడిగా తెమ్మనాలి, లేకపోతే మెత్తబడిపోతాయి. కొండాపూర్‌లో ఒకచోట చీజ్ మీద చీజ్ వేసి తప్పులు కప్పుకుంటారట, అక్కడ చిక్కుడు గింజల సూప్ ఒక్కటే తాగి వచ్చేయాలి. ఇంకోచోట మెనూ మొత్తం వదిలేసి మొక్కజొన్న కంకి కాల్చినది అడగాలి. వంకలు పెట్టడం మా వంశంలో ఆగిపోలేదని సంతోషించాను.

"తాతయ్యా, రేపు హిమాయత్‌నగర్లో నీకు నేను తినిపిస్తాను" అంది.

"నాకెందుకమ్మా, డబ్బు దండగ. నాకు అట్టూ, అట్టముక్కా ఒకటే."

"అదే కదా చెప్తున్నా. అమ్మమ్మ పప్పు తింటే నీకు పాత పప్పు గుర్తొస్తుంది, అది లేదని బాధ. ఇది నువ్వెప్పుడూ తినలేదు. గుర్తొచ్చేది ఏమీ ఉండదు. నాలిక పనిచేస్తోంది కదా? పుల్లగా, కారంగా, కరకరలాడుతూ ఉండేవే చెప్తాను. ముక్కుతో పని లేకుండా తినొచ్చు."

ఐదు నెలల్లో నాకు డాక్టరుతో సహా ఎవరూ ఇంత తెలివైన మాట చెప్పలేదు. ఒప్పుకున్నాను. త్రిపుర మాత్రం, "రేపు శనివారం. పదకొండోది. నాకు అన్నం కూడదు" అంది.

"అక్కడ చపాతీలే అమ్మమ్మా. చూసి చెప్తాగా."

మర్నాడు సాయంత్రం ఆరున్నరకి ఆటోలో వెళ్ళాం. మేడమీద హోటలు. గోడలకి టోపీలు తగిలించి ఉన్నాయి, ఎందుకో తెలియదు. మా బల్ల దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది, చొక్కా మీద నవనీత అని పేరుంది. తేజస్వికి ముందే పరిచయం. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటూ శని ఆదివారాలు ఇక్కడ పనిచేస్తుందట.

"అక్కా, చానా రోజులైంది రాక. తాత, అమ్మమ్మనా? నమస్తే అమ్మా. ఏం తెమ్మంటరు?"

తేజస్వి ఫోను చూడకుండానే చెప్పింది. మొదట నాచోస్, పచ్చడి విడిగా, ఊరేసిన మిరపకాయ ముక్కలు ఎక్కువ. తాతయ్యకి కరకరలాడే టాకోలు రెండు, నిమ్మకాయ బద్దలు పక్కన. తనకి కెసడియా, చీజు పెట్టి మడిచి కాల్చిన చపాతీ. "అమ్మమ్మకి బురిటో. రాజ్మా, మొక్కజొన్న, క్యాప్సికం వేయండి. రైస్ వద్దు. అస్సలు వద్దు."

నవనీత రాసుకుని త్రిపుర వంక చూసింది. తరవాత తేజస్వి వంక చూసింది. "రైస్ వద్దా?" అని మళ్ళీ అడిగింది. "వద్దు" అంది తేజస్వి. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది.

"బురిటోలో మామూలుగా అన్నం వేస్తారా?" అని అడిగింది త్రిపుర.

"వేస్తారు అమ్మమ్మా. చపాతీలో చుడతారు."

"చపాతీలో అన్నమా!" త్రిపుర నిజంగానే నొచ్చుకుంది. "ఉంటే అన్నం తినాలి, లేకపోతే చపాతీ తినాలి. దాన్ని తెచ్చి దీంట్లో చుట్టడం ఏమిటే? వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరా?"

నాచోస్ వచ్చాయి. మొక్కజొన్న అప్పడాలు, మూడు మూలలుగా కోసినవి. పక్కన టమాటా పచ్చడి, పోపు పెట్టడం మర్చిపోయినట్టున్నది. ఒకటి ముంచి నోట్లో పెట్టుకున్నాను. ఫెళ్ళుమంది. పులుపు చెంపల్లోకి పాకింది. మిరపకాయ కాసేపాగి అందుకుంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోటి తీసుకున్నాను. ఐదు నెలల తరవాత నా నోట్లో ఏదో జరుగుతోంది. వాసన లేదు, నిజమే, కానీ లేదన్న సంగతి కాసేపు గుర్తు రాలేదు. ప్లేటు సగమయ్యేసరికి త్రిపుర నన్నే చూస్తోంది.

"బాగుందా?"

"తినొచ్చు" అన్నాను. ఆవిడ తేజస్వి చెయ్యి నొక్కింది.

తక్కినవి కూడా వచ్చాయి. బురిటో అంటే పూర్వం బడికి కట్టిచ్చే చపాతీ చుట్టంత ఉంటుందనుకున్నాను. ఇది పసిపిల్లవాడి చెయ్యంత లావుంది, అడుగున వెండి కాగితం చుట్టి ఉంది. నవనీత దాన్ని త్రిపుర ముందు పెట్టి, "మంచిగ తినుండ్రి అమ్మా, కడుపు నిండుతది" అని నవ్వి వెళ్ళింది. త్రిపుర దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎటునుంచి కొరకాలో తెలియక అటూ ఇటూ తిప్పింది. పైన ఒక మడత ఊడి, ఆవిరి ఎదురుగా ఉన్న నా మొహానికి తగిలింది.

"అన్నం అడుగంటింది" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. ఒకప్పుడు అలవాటుగా అన్నట్టే అనేశాను, టాకో విరగకుండా ఎలా పట్టుకోవాలా అని చూసుకుంటూ.

త్రిపుర మొహం వాడిపోయింది. "మళ్ళీ మొదలైందా? లేని వాసన అండీ. ఊపిరి నెమ్మదిగా పీల్చండి, పోతుంది. ఇక్కడ అన్నం ఎక్కడుంది?" అని బురిటో నోటి దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఆగు."

"తాతయ్యా, దాంట్లో అన్నం లేదు. నీ ముందే కదా వద్దని చెప్పాను" అంది తేజస్వి.

నిజమే, నా ముందే చెప్పింది. పాలు మాడుతున్నాయన్నప్పుడు కూడా గిన్నె లేదు. బస్తాడు గింజలు పారబోయించినప్పుడూ నాకు ఇంత గట్టిగానే అనిపించింది. నా మాట నేనే నమ్మకూడదు. కానీ త్రిపుర నోరు తెరిచింది. అది కొరికితే, ఒకవేళ నా ముక్కు అబద్ధం చెప్పకపోతే, పదకొండు శనివారాలూ పోతాయి. లేచి బల్ల మీదుగా వంగి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నిమ్మకాయ బద్దలు కింద పడ్డాయి. పక్క బల్లవాళ్ళు చూశారు.

"ఏమండీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. త్రిపురా, నా మాట విను. విప్పి చూడు. లేకపోతే ఇంకెప్పుడూ నోరెత్తను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. బురిటో ప్లేటులో పెట్టింది. తేజస్వి ఫోర్కుతో మడత విప్పింది. పైన రాజ్మా, మొక్కజొన్న. పక్కకి జరిపింది. కింద తెల్లగా అన్నం, కొత్తిమీర కలిపి ఉంది. అక్కడక్కడ గోధుమరంగు మెతుకులు.

త్రిపుర ఒక గోధుమరంగు మెతుకు వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"అడుగంటిందే" అంది చాలా నెమ్మదిగా. తరవాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నవనీత పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది అమ్మా? కారం ఎక్కువైందా?"

"రైస్ వద్దన్నాను కదా నవనీతా, అస్సలు వద్దన్నాను కదా" అని తేజస్వి గొంతు పెంచింది.

ఆ అమ్మాయి మొహంలో నెత్తురు లేదు. "నేనే వేయించిన అక్కా. లోపలోల్లది తప్పు లేదు. మా కమలవ్వ ఉంటది ఊర్ల, మా అమ్మమ్మ. రొట్టె పెడితే తిన్నట్టే గాదంటది, బువ్వ లేకపోతే అలుగుతది. నువ్వు డైటింగ్ అని అమ్మమ్మకు గూడ వద్దంటున్నవేమో అనుకున్న. పెద్దమనిషి ఆకలితోని పోతదని, జర వెయ్యిమని చెప్పిన. ఉపాసమా అమ్మా? నాకు తెల్వదు. తప్పయింది."

"అడుగంటిందా, లేదా? అది చెప్పమ్మా ముందు" అన్నాను.

"అవు సార్. కుక్కర్ల జర అడుగు పట్టింది, పైపైన తీసినం అన్నరు. నాకైతే వాసన రాలేదు. మీకెట్ల తెలిసింది?"

మీకెట్ల తెలిసింది! ఆ అమ్మాయికి నేనేం చెప్పను? కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మనసు ఇంత తేలికపడటం నేనెప్పుడూ ఎరగను, మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా ఇంత తేలికపడలేదు. నా కళ్ళు కూడా తడిశాయి, ఈసారి అది మిరపకాయ వల్ల కాదు.

త్రిపుర కొంగు తీసి నవనీత చెయ్యి పట్టుకుంది. "తప్పేం లేదమ్మా. ఒక్క మెతుకు కూడా నోట్లో పడలేదు. నువ్వు అన్నం పెట్టించకపోతే ఈయనకి ముక్కు వచ్చిందని తెలిసేదే కాదు. నీకు ఈసారి ఉద్యోగం వస్తుంది, రాసిపెట్టుకో" అంది. నవనీతకి ఏమీ అర్థం కాలేదు, అయినా ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. ఐదు నిమిషాల్లో ఇంకో బురిటో తెచ్చింది. తనే మా ముందు విప్పి, అన్నం లేదని చూపించి, మళ్ళీ చుట్టి ఇచ్చింది.

త్రిపుర తేజస్వి కెసడియా ముక్క, తన బురిటో ముక్క, నాచోస్ గిన్నె, బల్ల మీదున్నవన్నీ ఒక్కొక్కటీ నా ముక్కు దగ్గర పెట్టడం మొదలుపెట్టింది. చాలావాటికి ఏమీ తెలియలేదు. కెసడియా అంచు మాడిందని చెప్పాను. మిరపకాయల దగ్గర వెనిగర్ ఘాటు ఎక్కడో దూరంగా తగిలినట్టనిపించింది. తక్కినవి లేవు.

"ఇంకేం బాగాలేదో చెప్పండి" అంది.

"పచ్చడికి పోపు లేదు."

"ఇంకా?"

"చీజు పాతది. కుర్చీ కిర్రుమంటోంది. ఆ టోపీలకి దుమ్ము పట్టింది."

"ఇంకా?" అంటూ ఆవిడ బురిటోని ఇష్టంగా కొరికింది. తేజస్వి ఫోను తీసి తన జాబితాలో ఆ హోటలు పేరు కింద ఏదో రాసుకుంది. ఏం రాశావని అడిగితే, "తాతయ్యతో వెళ్ళాలి అని" అంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్న త్రిపుర కాఫీ తెచ్చి ఇచ్చి, పోకుండా ఎదురుగా నిలబడింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాఫీ వాసన రాలేదు. దాని మీద ఇంకోటి మాత్రం గట్టిగా వచ్చింది. ఇంకోసారి చూశాను.

"గింజ మాడింది" అన్నాను.

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు దించమనడం మానేసినప్పటి నుంచి."

"మూడు నెలలుగా ఈ మాడు కాఫీయే తాగుతున్నావా?"

"నేనొక్కదాన్నేనా? చిక్కడపల్లి అంతా తాగుతోంది."

ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని చెప్పింది. బుగ్గయ్య కొట్టుకి వచ్చిన ప్రతి పాత గిరాకీని పక్కకి పిలిచి చెప్పాడట, సారు ముక్కు పోయింది, వచ్చేదాకా జర ఓపిక పట్టుండ్రి, ఆయన ముందర అనకుండ్రి అని. నలభై ఏళ్ళు వీళ్ళ విషయంలో నేను ఒక్క పూట కూడా ఓపిక పట్టలేదు. వచ్చి, పొడి తీసుకుని, "బాగుంది రావుగారూ" అని వెళ్ళేవారు. వీళ్ళెవరికీ ఏమీ తెలియదనుకుని నేను కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి.

"మరి నువ్వైనా చెప్పచ్చు కదే."

"చెబితే ఆ రోజే కొట్టు మూసేసేవారు" అంది త్రిపుర.

కాఫీ మొత్తం తాగాను. కంపెనీ అతనికి ఫోన్ చేసి రేపు రావద్దన్నాను. ఎప్పుడు రమ్మంటారంటే, అక్కర్లేదన్నాను. చొక్కా వేసుకుని నారాయణగూడ నడిచాను. బుగ్గయ్య అప్పటికే డ్రమ్ములో గింజలు పోశాడు. నన్ను చూసి ఎప్పటిలాగే కుర్చీ తుడిచాడు. నేను కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

గడ్డి వాసన రాలేదు. వేరుశెనగ వాసన రాలేదు. గింజలు చిటపటలాడటం వినిపిస్తోంది, అంతే. కాఫీ వాసన కూడా లేదు. నిన్నటిది ఒక్కరోజు ముచ్చటేమో అనుకున్నాను. అప్పుడు చాలా సన్నగా, మాడు వాసన మొదలు తగిలింది. మాడలేదు, మాడబోతోంది. నా పనికి కావలసింది అంతే.

"దించు" అన్నాను.

డ్రమ్ము తిరగడం ఆగలేదు. "రంగు ఇంక రాలే సారూ. జర ఉండాలె" అన్నాడు బుగ్గయ్య.

"నీ రంగు తగలెయ్య! మూడు నెలలుగా ఊరందరికీ బొగ్గు తాగించింది చాల్లేదా? దించమంటే దించవేం?"

కళ్ళు తెరిచి చూశాను. బుగ్గయ్య డ్రమ్ము పిడి పట్టుకుని నన్నే చూస్తున్నాడు. మొహమంతా నవ్వు, కళ్ళనిండా నీళ్ళు.

"తిట్టిండ్రు సారూ" అన్నాడు, గబగబా గింజలు జల్లెడలోకి దించుతూ.